ఘంటసాల నడచిన త్రోవలో

రేడియో గల యింట గాయకుడు అతిథి కాడు; ఇంటి మనిషి. అతడు ఎచ్చట పుట్టెనో, ఎవరి యింట అన్నము తినెనో, ఏ అరుగుమీద నిదురించెనో మన మడుగము. మీట త్రిప్పగనే వచ్చును, పాడును, పోవును. కీర్తిశేషులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తెలుగు ఇండ్లకు ఇట్లు రాసాగి ఎనుబదియేండ్లు దాటినవి. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ఆయన మద్రాసులో కన్నుమూసిరి. అయినను రాకపోకలు మాత్ర మాగలేదు.

అట్టి వానిని వెదకుచు ఊళ్ళు తిరుగుట యెందులకని మమ్ము కొంద రడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మా సమాధాన మొకటి కలదు. మా పెద్దన్నగారికి ఎనుబదియవ యేడు నడచుచున్నది. 1970లో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో ఘంటసాలవారి నేపథ్యగాన రజతోత్సవము జరిగినప్పుడు ఆ జనసముద్రములో ఆయనయు ఒక బిందువు. రెండేండ్లనుండి ఆయనకు వినికిడి తగ్గుచున్నది. "పాట నా చెవికి పూర్తిగా దూరము కాకముందే ఆ పాట పుట్టిన నేల చూడవలెనురా తమ్ముడూ" అని వారనిరి. ఆ మాట మమ్ము బయలుదేరదీసెను. మేము నలుగురము, ఆయన జీవితమున ముందు వచ్చిన ఊరిని ముందుగా, వెనుక వచ్చిన ఊరిని వెనుకగా చూడవలెనని నిర్ణయించుకొంటిమి.

మొదట ఒక పొరపాటు దిద్దుకొనవలసివచ్చెను. కృష్ణాజిల్లాలో ఘంటసాల యను గ్రామము కలదు. అది ప్రాచీన బౌద్ధక్షేత్రము. అచ్చటి స్తూపము చరిత్రకారులకు సుప్రసిద్ధము. గాయకుని జన్మస్థలము అదియే యని భ్రమపడి అచ్చటికి పోవువారు కలరు. ఆయన ఇంటిపేరు ఆ గ్రామముదే గాని, పుట్టిన ఊరు గుడివాడ దాపునగల చౌటపల్లి. పుట్టిన దినము 1922వ సంవత్సరము డిసెంబరు 4. తండ్రిగారు సూరయ్యగారు, తల్లిగారు రత్తమ్మగారు.

చౌటపల్లికి పోవు త్రోవ కృష్ణాడెల్టా త్రోవలన్నిటివంటిదే. కాలువగట్టు, గట్టునకు ఇరువైపుల వరిచేలు. ఈ నేలపై నారాయణతీర్థులవారి కృష్ణలీలాతరంగములు ఒకనాడు భజనమందిరములందే గాక వీధులందును మ్రోగినవి. సూరయ్యగారు తరంగములు పాడెడివారు, మృదంగము వాయించెడివారు. కుమారుని భుజముపై నెత్తుకొని ఉత్సవములకు గొనిపోయెడివారు. తండ్రి పాడగా బాలుడు ఆడెడివాడు. జనులు ఆ పిల్లవానికి బాలభరతుడని పేరు పెట్టిరి. అనగా ఘంటసాలవారి విద్యారంభము కంఠముతో గాక కాళ్ళతో జరిగినది. పాటలో తాళము ఆయనకు తడబడకుండుటకు ఇదియు ఒక కారణమై యుండునని మా యూహ.

ఆ తండ్రి చిన్ననాటనే గతించెను. సంగీతము విడువవలదని కుమారునితో చెప్పి మరీ గతించెను. తరువాత మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారి పోషణలో పెరిగిన ఆ బాలునకు తండ్రి చెప్పిన మాటయే ఆస్తి. సంగీతము నేర్పుదురేమో యని పెద్దల యిండ్లలో ఊడిగము చేసెను. పనియే దొరికెను గాని పాఠము దొరకలేదు. తుదకు వ్రేలి ఉంగరమును తక్కువ ధరకు అమ్ముకొని, ఆ డబ్బుతో విజయనగరము బయలుదేరెను. మేమును అచ్చటికే పోయితిమి.

విజయనగరము సంగీతకళాశాల 1919లో మహారాజావారు నెలకొల్పినది. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. వారి తరువాత ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠమధిష్ఠించిరి. నూరేండ్లు నిండిన ఆ కళాశాలలో ఇప్పటికిని పిల్లలు సంగీతము నేర్చుచున్నారు. మేము గేటువద్ద నిలుచుండగా లోపలినుండి సరళీస్వరములు వినవచ్చినవి. మా అన్నగారు చెవికి చేయి ఆన్చుకొని కొంతసేపు నిలిచి, "వినబడుచున్నది" అనిరి. ఆ యాత్రలో వారు ఆ మాట పలికినది అదియే మొదటిసారి.

ఘంటసాలవారు విజయనగరము చేరునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. ఊరిలో తెలిసినవారు లేరు. పేదవిద్యార్థులకు వారములిచ్చి అన్నము పెట్టుట నాటి ఆచారము. ఒక్కొక్క దినము ఒక్కొక్క యింట భోజనము. అట్లు దినములు గడచుచుండగా తోటివాడొకడు చేసిన తప్పు ఇతని తలమీద బడి, ఉన్న నీడయు పోయెను. వారములిచ్చిన యిండ్లును తలుపులు మూసినవి. అప్పుడాయన ఎల్లమ్మ గుడిలో తలదాచుకొనెను. అచ్చట ఆయనను చూచి చేరదీసినవారు కళాశాలలో గాత్రోపాధ్యాయులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చిన్న గురువుగారని ప్రసిద్ధులు.

శాస్త్రిగారు ధనవంతులు కారు. శిష్యునకు విద్య ఉచితముగా చెప్పగలరు. రెండుపూటల అన్నము పెట్టగల స్థితి వారికిని లేదు. అందుచేత శిష్యుడు జోలె భుజమున వ్రేలాడదీసి మాధుకరమునకు బయలుదేరెను. ఇంటింట పిడికెడన్నము. ఆ అన్నమును గుడ్డలో మూటగట్టినచో చీమలు పట్టుచుండెనట. అందుచే ఊరికి ఉత్తరము వ్రాసి డబ్బా యొకటి తెప్పించుకొనెను. నాలుగేండ్ల పాఠ్యక్రమమును రెండేండ్లలో ముగించెను.

మేము ఎల్లమ్మ గుడి చూచి వచ్చి, ఆ వీధుల వెంబడి ఊరకయే నడచితిమి. ఏ తలుపువద్ద ఆ జోలె నిలిచినదో గుర్తుపట్టుట అసాధ్యము. ఆ యిండ్లలో పలుమార్లు పాతగోడలు పోయి క్రొత్తగోడలు లేచినవి. ఆ అన్నము పెట్టిన యిల్లాండ్ర పేర్లు ఏ పుస్తకమునను లేవు. తరువాతి కాలమున ఆ కంఠము ఈ వీధులలోని ప్రతి రేడియోనుండియు వినబడినప్పుడు, తాము పిడికెడన్నము వేసిన పిల్లవాడే వాడని ఎందరెరుగుదురో! ఒక ఋణము తీర్చవలసినవానికి అప్పులవారి జాడ తెలియకపోవుట యన ఇదియే. ఆయన ఊరందరికి పాడి తీర్చుకొనెను.

గురువుగారి ఋణము మాత్రము వేరువిధముగ తీరినది. సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు మద్రాసులో ఘంటసాలవారికి సంగీతసహాయకులై, హార్మోనియముతో ఆయనప్రక్కన చిరకాలము నిలిచిరి. ఆ సంగీతరావుగారు నూరేండ్లు నిండిన పిదప 2021లో స్వర్గస్థులైరి. ఘంటసాలవారి పాటలు పుట్టినప్పుడు ప్రక్కనున్న కన్నులలో ఒక జతయు ఆనాటితో మూతపడినది.

విజయనగరము తరువాత బళ్ళారి. అభిమానులు సాధారణముగా ఈ ఊరికి పోరు. బళ్ళారి ఈనాడు కర్ణాటక రాష్ట్రములోనిది. 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనుండెను. 1942లో క్విట్టిండియా ఉద్యమము వచ్చినప్పుడు, కచేరీలు చేసికొనుచు, చౌటపల్లిలో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు, అప్పుడప్పుడే స్థిరపడుచున్న ఆ ఇరువదియేండ్ల యువకుడు ఉద్యమములో దూకెను. అలీపురము జైలులో పదునెనిమిది నెలలు గడపెను. పాట తప్ప వేరు జీవనాధారము లేని వాడు ఏడాదిన్నర పాట అమ్ముకొనగల వీధులకు దూరమగుట సామాన్యమైన త్యాగము కాదు. మేము బళ్ళారిలో ఒక్కపూటయే యుంటిమి. ఎండ తీవ్రముగా నుండెను. మాలో చిన్నవాడు, "ఇచ్చట చూచుటకేమున్నది?" అని విసుగుకొనెను. మా అన్నగారు, "చూచుటకు ఏమియు లేకపోవుటయే చూడవలసినది. పేరు రాకముందే ఇచ్చటికి వచ్చినాడు. వచ్చునప్పుడు ముందు పేరు వచ్చునని వానికి తెలియదు" అనిరి. ఆ పైని ఎవరును మాటాడలేదు.

అటనుండి తిరిగి తీరప్రాంతమునకు వచ్చితిమి. రేపల్లె దాపున పెదపులివర్రు అను గ్రామము కలదు. నాడు గుంటూరుజిల్లాలోనిది, నేడు బాపట్లజిల్లాలోనిది. సినీకవి సముద్రాల రాఘవాచార్యుల స్వగ్రామము ఇదియే. జైలునుండి విడుదలయైన ఘంటసాలవారికి 1944వ సంవత్సరము మార్చి 4వ తేదీన ఇచ్చటనే సావిత్రమ్మగారితో వివాహమైనది. పెండ్లికి పాటకచేరి పెట్టించుట నాటి మర్యాద. ఈ పెండ్లిలో పెండ్లికుమారుడే కచేరి చేసెను. దీనిని వినోదముగా చెప్పుకొందురు. ఆ కచేరీవెనుక ఇంకొకరిని పిలిపించుటకు డబ్బులేని లేమియు ఉన్నదని మాకు తోచినది. ఏమైనను ఈ ఊరి పరిచయమే ఆయన త్రోవ మార్చినది. సముద్రాలవారు పాట విని, "మద్రాసు రమ్ము" అనిరి.

మద్రాసున మేము మొదట చూచినది స్టూడియో కాదు, పానగల్ పార్కు.

త్యాగరాయనగరము నడుమ 1928లో ఏర్పడిన ఆ ఉద్యానవనమునకు పానగల్లు రాజా రామరాయణింగారి పేరు పెట్టిరి. ఆయన 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగానుండిన తెలుగు జమీందారు. ఆ తెలుగుదొర పేరిటి తోటలో ఒక తెలుగు బీదవాడు రాత్రులు గడపెను. సముద్రాలవారి యిల్లు చిన్నది. వారికి కష్టము కలిగింపరాదని ఘంటసాలవారు, పార్కు కావలివానికి నెలకింతయని యిచ్చి, పగలెల్ల అవకాశములకై తిరిగి, రాత్రి యచ్చట పండుకొనెడివారు. ఆ పార్కు ఇప్పటికిని కలదు. చుట్టును వస్త్రదుకాణములు, నగలదుకాణములు, వాహనముల హోరు. దాపుననే భూగర్భరైలు మార్గమునకై భూమిని తవ్విరి. మేము ఒక బల్లపై కూర్చుంటిమి. ఆ హోరులో మా అన్నగారికి మా మాట యొక్కటియు వినబడలేదు. అయినను వారే అందరికంటె ఎక్కువసేపు కూర్చుండిరి.

ఆ రోజులలో గ్రామఫోను సంస్థ యొకటి ఆయన కంఠమును పరీక్షించి, అది మైకునకు తగినది కాదని త్రిప్పి పంపెను. శ్రోతలు నవ్వుకొనవచ్చును. కాని ఆ తీర్పువెనుక ఒక కాలపు అలవాటున్నది. మైకు లేని రోజులలో నాటకపు పందిరిలో చివరివానికి వినబడవలెనన్నచో పై స్థాయిలో, గట్టిగా, పద్యముచివర దీర్ఘమైన రాగముతో పాడవలెను. అట్టి గొంతుకకు అలవాటుపడిన చెవులకు మెత్తని నిండుగొంతు వింతగా తోచియుండును. వాస్తవమునకు మైకు కోరునది అట్టి గొంతునే. చెవి ప్రక్కన కూర్చుండి చెప్పినట్లు పాడువాడే రేడియోకు కావలసినవాడు. తరువాత పేకేటి శివరాముగారు ఆ కంఠమును రికార్డుల కెక్కించిరి.

రేడియో తలుపు అంతకుముందే తెరచుకొనెను. సముద్రాలవారి మాటసాయముతో ఆకాశవాణికి పోగా, బాలాంత్రపు రజనీకాంతరావుగారు లలితగీతములు పాడు అవకాశమిచ్చిరి. ఈ స్థలము చూడవలెనని మా అన్నగారికి మిక్కిలి కోరిక. వారు మమ్ము సముద్రపుటొడ్డున, శాంథోము ప్రక్కనున్న ఆకాశవాణి భవనమునకు తీసికొనిపోయి నమస్కారము చేసిరి. మేము సంకోచించుచునే చెప్పవలసివచ్చెను. మద్రాసు కేంద్రము 1938వ సంవత్సరము జూను 16వ తేదీన ప్రారంభమైనది ఎగ్మూరులోని మార్షల్స్ రోడ్డున. సముద్రతీరపు భవనమునకు మారినది 1954లో. 1944-45 నాటి ఘంటసాలవారు అడుగుపెట్టినది ఎగ్మూరు గుమ్మమే. ఆ మార్షల్స్ రోడ్డునకు ఈనాటి పేరు రుక్మిణీ లక్ష్మీపతి రోడ్డు. ఉప్పు సత్యాగ్రహమున జైలుకు పోయిన వనిత ఆమె. జైలునుండి వచ్చిన గాయకుడు నడచిన వీధికి అట్టి పేరే నిలుచుట మాకు సంతోషమైనది. మా అన్నగారు ఒకింత చిన్నబుచ్చుకొని, వెంటనే తేరుకొని, "నమస్కారము వృథా కాదులే. అలలు రెండిటినుండియు వచ్చినవేగదా!" అనిరి.

1945లో వచ్చిన 'స్వర్గసీమ' చిత్రమున భానుమతిగారి ప్రక్కన పాడుట నేపథ్యగాయకునిగా ఆయనకు తొలి మెట్టు. పారితోషికము 116 రూపాయలు. 1948లో 'బాలరాజు', 1949లో 'కీలుగుఱ్ఱము', 'మనదేశము'. నందమూరి తారకరామారావుగారు తొలిసారి తెరపై కనబడిన 'మనదేశము'నకు సంగీతము ఘంటసాలవారిదే. పిదప విజయావారి 'షావుకారు', 'పాతాళభైరవి', 'పెళ్ళిచేసిచూడు'. 1953లో 'దేవదాసు'. 1957లో 'మాయాబజారు'; దానిలో సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టగా మిగిలినవానిని ఘంటసాలవారు పూర్తిచేసిరి.

వీనిలో విజయావారి చిత్రములు రూపుదిద్దుకొన్న వాహినీ స్టూడియోను వెదకుచు వడపళనికి పోయితిమి. అది ఒకనాడు అభిమానులకు తీర్థము. ఇప్పుడాస్థలమున వైద్యశాలయు వాణిజ్యభవనములును కలవు. మాయాబజారు వెలసిన నేలమీద నిజముగనే ఒక పెద్ద బజారు వెలసినది. దీనికి మేము మొదట నొచ్చుకొంటిమి. పిదప ఆలోచించగా, స్టూడియో యనునది ఎన్నడును శాశ్వతము కాదు. నేడు రాజభవనము, రేపు పూరిగుడిసె. పని ముగిసిన వెంటనే విప్పివేయుటకే కట్టుదురు. నిలువవలసినది పాట, అది నిలిచినది.

ఉస్మాన్ రోడ్డున ఆయన గృహముండెడిది. పానగల్ పార్కునుండి ఉస్మాన్ రోడ్డునకు నడచినచో కొద్దినిమిషముల దూరము. ఆ కొద్దిదూరము నడచుటకు ఆయనకు కొన్నియేండ్లు పట్టినవి. మా యాత్రలో మాకు మిక్కిలి గుర్తుండిపోయిన నడక ఇదియే. బల్లనుండి లేచి, దుకాణముల నడుమ త్రోవ చేసికొని, పైవంతెన నీడలో నడచితిమి. ఆనాడు ఆ తోటలో పండుకొన్నవాడు 1970లో పద్మశ్రీ బిరుదము నందెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములకు పోయి అచ్చటి తెలుగువారికి పాడెను. తుదిదినములలో భగవద్గీతను గానము చేసి రికార్డు చేయించెను. అది లోకమునకు అందునప్పటికి ఆయన లేరు. ఏబదిరెండవ యేడు నిండలేదు. ఆ గీత నేటికిని తెలుగునాట ఎన్ని ఊళ్ళలో, ఎన్ని గుళ్ళలో, ఎన్ని యిండ్లలో వినబడునో శ్రోతలకు చెప్పనక్కరలేదు.

ఘంటసాలవారు తెలుగుపాటకు ఏమి చేసిరని యెవరైన నడిగినచో, ఆయన పద్యమును వినుమని చెప్పుదుము. రంగస్థలమున పద్యము రాగమునకు వాహనమై, మాట వెనుకబడి యుండెను. ఆయన రాగమును కుదించి, మాటను ముందునకు తెచ్చెను. ఏ అక్షరము ఏ భావముతో పలుకవలెనో అంతవరకే స్వరము. కరుణశ్రీగారి 'పుష్పవిలాపము' పద్యములు చదువురానివారి నోటికిని వచ్చుట ఇందువలననే. ఈ మార్పును మోసికొనిపోయినది రికార్డును రేడియోయును. 1952 తరువాత కొంతకాలము ఆకాశవాణి సినిమాపాటలకు చోటు తగ్గింపగా, మన యిండ్లవారు సిలోను కేంద్రమునకు ముల్లు త్రిప్పి గురగుర శబ్దములనడుమ ఆ కంఠమును పట్టుకొనిరి. 1957వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైన తరువాత సినిమాపాట తిరిగి మన గూటికి వచ్చినది.

తిరుగుప్రయాణమున విజయవాడలో దిగితిమి. అచ్చటి ప్రభుత్వ సంగీత నృత్యకళాశాల ఘంటసాలవారి పేరుతో నున్నది. 2003లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించినది. ఇవి గౌరవములు, ఉండవలసినవే. కాని మేము తిరిగిన ఊళ్ళలో మమ్ము కదలించినవి ఇవి కావు. ఒక గుడి అరుగు, పేరుతెలియని యిండ్ల గుమ్మములు, ఒక బీదగురువు, ఒక పార్కు కావలివాడు, రేడియో కార్యాలయమున ఒక రసజ్ఞుడు. వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఆ కంఠము మన యింటికి వచ్చెడిది కాదు. మహాగాయకుడు ఒక్కడే పుట్టును. కాని అతనిని బ్రతికించువారు ఊరివారందరును.

కావున శ్రోతలకు మా మనవి ఒక్కటి. మీ యింట ముదుసలులున్నచో, వారు ఏ కచేరీలో, ఏ పందిరిక్రింద, ఏ రేడియోముందు ఈ కంఠమును మొదట వినిరో అడిగి వ్రాసి యుంచుడు. అటకమీద పాత రికార్డు లున్నచో దుమ్ము దులిపి జాగ్రత్త చేయుడు. ఇండ్లు పడిపోవును, స్టూడియోలు బజారులగును. వినినవారి జ్ఞాపకము కూడ పోయినచో చరిత్ర వట్టి తేదీల పట్టిక యగును.

ఇల్లు చేరిన సాయంకాలము రేడియో పెట్టితిమి. దైవికముగ ఆయన పాటయే వచ్చుచుండెను. శబ్దము పెంచబోగా మా అన్నగారు వారించిరి. చేతిని పెట్టెపై ఆన్చి, కన్నులు మూసికొని, వ్రేళ్ళతో తాళము వేయసాగిరి. పెట్టె అదరుటను బట్టియే వారికి పాట తెలియుచుండెను. ఒక్క దెబ్బయు తప్పలేదు.